ఆంటీకి దొరకని మనిషి

మా పక్కింటి ఆంటీ మొన్న మంగళవారం పొద్దున పోయారు. వాళ్ళమ్మాయి ఫోన్ చేసి "అమ్మ వెళ్ళిపోయిందక్కా" అంది. ఆ వెంటనే "అడుగుతూనే వెళ్ళిపోయింది" అంది. ఏమడుగుతూ అని నేను అడగలేదు. ఈ పరాయి దేశంలో మేముండే టకానిని ఊళ్ళో మా వీధివాళ్ళెవరూ అడగరు. కొన్నేళ్ళ కిందట ఒక చలికాలం పొద్దున వాకింగ్‌కి వెళ్ళిన అంకుల్‌ని ఏదో కారు గుద్దేసి, ఆగకుండా వెళ్ళిపోయింది. ఆ కారు నడిపిందెవరో ఆంటీకి తెలియాలి. శిక్ష పడాలని కూడా కాదు, తెలిస్తే చాలు. అది తెలియకుండానే పోయారు.

ఇలాంటివి రాసేటప్పుడు చివర ఆత్మశాంతి గురించి ఒక మాట రాస్తారు. నాకు చేతకాదు, ముందే చెప్పేస్తున్నాను. ఆవిడకి శాంతి ఎక్కణ్ణుంచి వస్తుందండీ? అబద్ధం రాసి ఆవిడ చేత తిట్లు తినడం నాకిష్టం లేదు. అబద్ధం ఎంత దూరాన ఉన్నా పట్టేసే మనిషి.

ఆవిడ కంటికీ ముక్కుకీ ఏదీ దాగదని మేం ఈ ఇంట్లో దిగిన రోజే తెలిసింది. ఇక్కడ కొత్తగా కట్టిన ఇళ్ళన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉంటాయి, వాళ్ళ వంటింటి కిటికీ మా వంటింట్లోకే. పెట్టెలు కూడా విప్పకుండా నేను పొయ్యి దగ్గర నిలబడి ఉంటే ఫెన్స్ అవతల నుంచి గొంతు వినపడింది. "ఏవమ్మా, తెలుగువాళ్ళేనా? పెసరట్టులో అల్లం మాడింది, మంట తగ్గించు." ఆ తర్వాత తలకాయ కనపడింది. కోతిటోపీ, చీర మీద స్వెట్టరు, కాళ్ళకి స్నీకర్లు. చేతిలో వేలు పెట్టి మూసిన లావుపాటి పుస్తకం.

ఆవిడది అమలాపురం దగ్గర. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం చేసి రిటైరయ్యారు. మనవల్ని చూసుకోవడానికి కూతురి దగ్గరికొచ్చి ఇక్కడే ఉండిపోయారు. "ఊరందరి మాటలూ విన్న చెవులే ఇవి. ఇక్కడికొచ్చాక వినడానికి ఏముంది, పిట్టలు తప్ప?" అనేవారు. ఆ ఖాళీ భర్తీ చేసుకోవడానికి లైబ్రరీలో పెద్దక్షరాల పుస్తకాల అరకు తగులుకున్నారు. అన్నీ ఒకే రకం నవలలు. ఇంగ్లండులో ఒక పల్లెటూరు, ఒక చర్చి, గులాబీ తోటలు, తోటలో ఒక శవం. అంకుల్ పొద్దున్నే విష్ణుసహస్రనామం పెట్టుకుంటే ఆంటీ పక్కన కూర్చుని హత్యలు చదువుకునేవారు. "ఆయనకి పొద్దున్నే దేవుడు కావాలి, నాకు పొద్దున్నే శవం కావాలి. ఎవరి పిచ్చి వాళ్ళకానందం" అని నవ్వేవారు.

నాకు ఆ నవలల మీద చిన్నచూపే. రక్తం లేదు, పరుగులు లేవు, గదిలో కూర్చుని టీలు తాగుతూ ఒకళ్ళ మీద ఒకళ్ళు చాడీలు. అదే అంటే ఆంటీకి కోపమొచ్చింది. "నీకేం తెలుసే పిల్లా, కేసు పట్టేవాళ్ళని చూడు. ఒకామె టీచరు, నోరు పెద్దది, సొంత చెల్లెలితో మాటల్లేవు. ఇంకొకాయన తాగేసి తన కుక్కనే పోగొట్టుకుంటాడు. ఒక్కళ్ళకీ సొంతిల్లు సరిగ్గా ఉండదు, పక్కింటిది మాత్రం చక్కబెడతారు. ముందు తప్పుడు మనిషినే అనుమానిస్తారు, ఊరంతా చీవాట్లు పెడుతుంది. అయినా మానరు. ఆ మొండితనం నాకిష్టం. పోలీసువాడికి అది డ్యూటీ. వీళ్ళకేం పట్టిందని? అయినా చచ్చినవాడి కోసం తిరుగుతారు చూడు."

ఆవిడ తగిలించిన అంటురోగం నాకూ పట్టుకుంది. పుస్తకమంటే విసుగుపడే నన్ను ఆవిడే చదువరిని చేశారు. నా బాబు చంటివాడుగా ఉన్నప్పుడు వాణ్ణి ఒళ్ళో వేసుకుని "వెళ్ళి ఆ రెండు చాప్టర్లూ చదువుకో, మొహం అంతలా వేలాడేసుకోకు" అని తరిమేవారు. ఆ రెండు చాప్టర్లే ఆ రోజుల్లో నన్ను కాపాడాయి. ఆంటీకి ఒక్క చెడ్డ అలవాటుండేది, ఆఖరి చాప్టరు ముందు చదివేసేవారు. ఇదేం అన్యాయం ఆంటీ అంటే "ఎవరో తెలిసిపోతే నింపాదిగా చదువుకోవచ్చు. తెలియకుండా ఎలా ఉంటారే జనం, కడుపులో దేవినట్టుండదూ?" అనేవారు.

ఆ తర్వాత ఆ పొద్దున వచ్చింది. ఇంకా వెలుగు రాలేదు. అంకుల్ నల్ల జాకెట్ వేసుకుని చెరువు పక్క రోడ్డు మీద నడుస్తున్నారు. మోటార్‌వే ఎక్కేవాళ్ళు అడ్డదారిగా వాడే రోడ్డు అది. కుక్కని తిప్పుతున్న ఒకావిడ చూసి అంబులెన్సుని పిలిచేసరికే అయిపోయింది. పోలీసులు వచ్చారు, ఇల్లిల్లూ అడిగారు, కెమెరాలున్న ఇళ్ళకి వెళ్ళారు. ఎవరికీ ఏమీ కనపడలేదు. చివరికి ఒకతను సోఫాలో ముందుకి వంగి కూర్చుని, కొత్త ఆధారం దొరికితే తప్పకుండా చెప్తామని చాలా మర్యాదగా అన్నాడు. అతను వెళ్ళాక ఆంటీ "ఆధారం దానంతటది దొరుకుతుందిటే? వెతకొద్దూ?" అన్నారు.

అలా ఆంటీ బయల్దేరారు. పొద్దున కోతిటోపీతో వీధివీధీ తిరిగి డ్రైవ్‌వేల్లో ఉన్న కార్ల బంపర్లు వంగి చూసేవారు. ఒక కివీ తాతగారు ఈవిడ కారేదో దెబ్బతిందనుకుని మంచి ప్యానెల్ బీటర్ అడ్రసు ఇచ్చాడు. దానితో ఆవిడకి కొత్త ఆలోచన వచ్చింది. శనివారాలు నా కారులో సొట్టలు తీసే షాపులన్నిటికీ తిరిగాం. నా కారుకి సొట్ట లేదు కదా, ఏమని అడుగుతాం ఆంటీ అంటే, "అప్పడాల కర్రతో ఒక్కటి వెయ్యనా?" అన్నారు. నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు.

ఒక్కోసారి నేనే ఉండబట్టలేక అనేదాన్ని. పక్కనే మోటార్‌వే, గుద్దినవాడు ఆ పూటే ఏ టౌరంగాకో పోయుంటాడు, వీధిలో వెతికితే ఏం లాభం అని. ఒకసారి కారులో ఆవిడన్న మాట నేను మర్చిపోలేను. "దారిన పోయేవాడైతే ఇంక దొరకడు పిల్లా. మనలో ఒకడైతేనే దొరుకుతాడు. అందుకే మనలో ఒకడే అనుకుంటున్నా." ఆ నవలల్లో ఆవిడకి నచ్చిందేమిటో నాకు ఆ రోజు పూర్తిగా అర్థమైంది. చంపినవాడు ఆ ఊళ్ళోనే ఉంటాడు, ఎప్పుడో ఒకప్పుడు వీళ్ళింట్లోనే టీ తాగి ఉంటాడు. టకానిని అలాంటి ఊరు కాదు.

మా వీధి చివర ఒక జంట ఉండేవారు. వరంగల్ వైపు వాళ్ళు, స్టూడెంట్లుగా వచ్చి సెటిలైనవాళ్ళు. అంకుల్ పోయిన కొద్ది వారాలకి ఆంటీ వాళ్ళ డ్రైవ్‌వేలో నలిగిన నిమ్మకాయలు చూశారు. కారు బానెట్ మీద కుంకుమ బొట్టు, పక్కన కొట్టిన కొబ్బరికాయ చిప్పలు. కొత్త కారైతే అందరం చేయించేదే, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించేదే. కానీ అది వాళ్ళు ఎన్నాళ్ళనుంచో నడుపుతున్న కారు.

ఆంటీ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. "పాత కారుకి పూజ ఎందుకు చేయిస్తారే? ఆ కారులో ఏదో జరగబట్టి! ఇక్కడి పోలీసులకి నిమ్మకాయంటే టీలో పిండుకునేదే. ఇది మనకే అర్థమయ్యే ఆధారం." బంపరు చెక్కు చెదరలేదు కదా అన్నాను. బాగు చేయించుకుని ఉంటాడన్నారు. సీటు కవర్లు కూడా మార్చాడని మర్నాడు కనిపెట్టారు. అంకుల్ పదో రోజు భోజనాలకి వాళ్ళిద్దరూ రాకపోవడం గుర్తుచేసుకున్నారు. అతను ఎదురైతే తల దించుకుని పోతున్నాడన్నారు, అది నేనూ చూశాను. ఆవిడ మొహంలో చాలా రోజులకి కళ వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ కళ చూసి నాకు భయమేసింది.

అంకుల్ సంవత్సరీకానికి వీధిలో మనవాళ్ళందర్నీ భోజనాలకి పిలిచారు. హాల్లో గోడ వెంబడి కుర్చీలు వేయించారు. ఆ జంట కూడా వచ్చారు. అందరూ ప్లేట్లు పట్టుకుని కూర్చున్నాక ఆంటీ అంకుల్ ఫోటో పక్కన నిలబడి, మామూలు గొంతుతోనే అడిగారు. "పాత కారుకి పూజ ఎందుకు చేయించావు బాబూ?"

అతను తలెత్తలేదు. ఆంటీ వాళ్ళమ్మాయి "అమ్మా" అంది. ఆంటీ ఆగితే కదా. "సీట్లు ఎందుకు మార్పించావు? ఆయన పదో రోజున ఎందుకు రాలేదు? నా మొహం చూడవేం?"

అప్పుడు ఆ అమ్మాయి, అతని భార్య, ప్లేటు కింద పెట్టింది. "కడుపుల బిడ్డ పోయింది ఆంటీ. ఆ కారులనే. దవాఖానకు పోయేలోపే. సీట్లకు నెత్తురైంది, మార్చినం. మా అమ్మ ఫోన్ల పూజ చేయించుమన్నది, చేయించినం. ఎవ్వరికి చెప్పుకోలె. మీ ఇంట్ల చావైంది, మా ఇంట్ల గిట్లైంది, ఏం మొఖం పెట్టుకొని రావాలె?"

  ఆంటీ మెల్లగా కింద కూర్చున్నారు. ముందు ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంటారనుకున్నాను. అది తర్వాత చేశారు, ఏడ్చారు కూడా. కానీ నోట్లోంచి మొదట వచ్చిన మాట వేరు. అతని వైపు చూసి, ఎంతో చిన్న గొంతుతో, "అయితే నువ్వు కాదా?" అన్నారు.

"కాదు ఆంటీ" అన్నాడతను.

ఆ రోజు వాళ్ళమ్మాయి అన్న మాటలు నేను విన్నాను. "ఇది నీ నవలల్లో ఊరు కాదమ్మా. ఇక్కడ మేం బతకాలి." తప్పనలేను. ఆంటీ మర్నాడు వాళ్ళింటికి వెళ్ళి తప్పయిపోయిందని చెప్పారు. వాళ్ళు లోపలికి రమ్మని టీ ఇచ్చారట. ఆ ఏడాదే అతనికి క్రైస్ట్‌చర్చ్‌లో ఉద్యోగం దొరికింది, వెళ్ళిపోయారు. ఉద్యోగం కోసమే అని అందరం అనుకున్నట్టు నటించాం. నవలల్లోనూ వాళ్ళు తప్పుడు మనిషినే ముందు పట్టుకుంటారు, కానీ అక్కడ ఇంకో చాప్టరు ఉంటుంది. ఆంటీకి ఆ తప్పు ఒక్కటే మిగిలింది.

ఆ తర్వాత వీధిలో తిరగడం మానేశారు. జబ్బు బయటపడేసరికే కాలేయానికి పాకింది. మంచం పట్టాక నన్ను చదివి పెట్టమనేవారు, అవే నవలలు. ఆఖరి చాప్టరు దగ్గరికి రాగానే చెయ్యి ఎత్తేవారు. "అక్కడితో ఆపెయ్. వాళ్ళకి తెలిసిపోతుందిగా, నాకెందుకు?" ఎప్పుడూ ముందు అదే చదివే మనిషి. నేను పేజీ మడిచి పుస్తకం మూసేదాన్ని. ఒకరోజు అడక్కూడదని తెలిసినా అడిగాను, ఇప్పుడు తెలిస్తే ఏం చేస్తారు ఆంటీ అని. "ఏం చేస్తాను? ఆయన ఏమైనా అన్నాడా అని అడుగుతా. ఆఖర్న దగ్గరున్నది వాడేగా" అన్నారు.

అది విన్నాక నేనూ ఒక నెల కార్ల బంపర్లు చూశాను, సిగ్గు లేకుండా. ఏం దొరుకుతుంది? వాన కడిగేసింది, కార్లు చేతులు మారాయి, వీధిలో సగం ఇళ్ళలో కొత్తవాళ్ళు. ఇప్పుడు అడిగే మనిషి కూడా లేదు. గుద్దినవాడికి ఇంక ఏ భయమూ లేదు.

క్రిమటోరియంకి క్రైస్ట్‌చర్చ్ నుంచి అతను వచ్చాడు. పొద్దున విమానంలో వచ్చి అద్దె కారులో, ఒక్కడే. భార్యకి ఇప్పుడు ఏడో నెలట, ప్రయాణం వద్దన్నారట. నలుగురితో పాటు పెట్టెకి భుజం పట్టాడు. అంతా అయ్యాక పార్కింగులో నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. అంత దూరం నుంచి వచ్చినందుకు సంతోషం అన్నాను. అతను బూట్ల వైపు చూస్తూ అన్నాడు.

"అక్కా, ఆ దినం నేను కాదన్న గద. అన్నంక ఆంటీ మొఖం చూసిన. మస్తుసార్లు అనుకున్న, నేనే గుద్దిన అని ఒప్పుకుంటే అయిపోతుండె. నన్ను తిట్టుకుంటనన్నా ఆమెకు నిద్ర పడుతుండె. ఇంకేం పోతుండె నాకు?"

అలా అనకూడదు తమ్ముడూ అన్నాను.  అతను తలూపి కారెక్కాడు. వెనకే మా కార్లన్నీ కదిలాయి. గేటు దాటాక రోడ్డు మీద మనుషులు దాటే తెల్లగీతలున్నాయి. అతని కారు అక్కడ ఆగింది. దాటేవాళ్ళెవరూ లేరు, కనుచూపు మేరలో మనిషి లేడు. వెనక మేమంతా ఒకరి తర్వాత ఒకరు ఆగాం. ఎవరమూ హారన్ కొట్టలేదు. అద్దంలోంచి అతని తల కనపడుతోంది, కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు, మళ్ళీ కుడివైపు చూస్తున్నాడు.