మట్టి రుచి చూసే మామ్మ

మా మామ్మ తవిటమ్మ మట్టి తింటుంది. ఆకలేసి కాదు. నౌపడ పక్కన మా ఊళ్లో ఎవరు మట్టిగోడ పెట్టాలన్నా, ముందు ఆవిడ చిటికెడు మట్టి నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, తుపుక్కున ఉమ్మి, ఉప్పుందో లేదో తీర్పు చెప్పాలి.

ఈ అలవాటు ఊరికే రాలేదు. కాపురానికి వచ్చిన కొత్తలో, దగ్గరగా ఉంది కదా అని ఉప్పుమడుల గట్టు మట్టి తెచ్చి సొంతింటికే గోడ పెట్టింది. ఒక్క వానాకాలానికి గోడంతా పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది. ఆ సంగతి మా తాత చచ్చేదాకా మర్చిపోలేదు, మర్చిపోనివ్వలేదు.

ఆ తరవాత కట్టిందే ఇప్పుడున్న చుట్టిల్లు. ఉప్పు లేని ఎర్రమట్టిలో గడ్డి కలిపి తొక్కి, మూరెడు ఎత్తు పెట్టి, అది ఆరాక ఇంకో మూరెడు పెట్టి, గుండ్రంగా లేపిన గోడ. పైన తాటాకు. చూరు ఎంత కిందికంటే, నన్ను మళ్లీ బడికి పంపమని అడగడానికి వచ్చిన మేస్టారు కూడా మామ్మకి దణ్ణం పెడుతున్నట్టే వంగి లోపలికి వచ్చారు.

2018లో తిత్లీ తుఫానుకి, పక్కనే మా నాన్న జగన్నాధం వేసుకున్న ఇంటి రేకులు ఎగిరి జీడితోటలో పడ్డాయి. మామ్మ ఇంటికి నాలుగు తాటాకులు లేచాయంతే.

"గుండ్రంగా ఉన్నదాన్ని గాలి ఏ మూల పట్టుకుంటాదిరా?" అంది మామ్మ.

నాన్నకి ఒళ్లు మండింది. రేకులైతే మళ్లీ బిగించుకున్నాడు గానీ, చుట్టిల్లు పడగొట్టి ఆ జాగాలో స్లాబు వేస్తానని మొండికేశాడు.

"నా గోడ పడిపోతే పొలానికి ఎరువవుతాది. నీ స్లాబు పడిపోతే ఎక్కడ పారబోస్తావు?"

"నువ్వూరుకోయే అమ్మా. ఊరందరికీ స్లాబులే ఉన్నాయి."

మామ్మ ఇంక వాదించలేదు. గోడ అలకడం మాత్రం మానలేదు. పడగొట్టే గోడకి సింగారం ఎందుకే అని నేను ఏడిపిస్తే, "సచ్చిపోయేవోడికి అన్నం ఎట్టమేటే?" అంది. ఆ ఒక్కసారి నాకు నవ్వు రాలేదు.

మరుసటి మే నెలలో ఇద్దరు కూలీలు గునపాలతో వచ్చారు. పొద్దున్నే రమ్మంటే పదకొండు దాటించారు. ఎండ నిప్పులు చెరుగుతోంది. నాన్న కనపడలేదు. రేకులింట్లో కోడి కూడా ఉండలేకపోతోంది, నాన్న ఎలా ఉంటాడు? మామ్మ చుట్టింటి గుమ్మంలో కూర్చుని అంది:

"లోపలున్నాడు. మెల్లిగా పొడండి నాయనా, నా కొడుకు లెగిసిపోతాడు."

తొంగి చూస్తే నిజమే. అలికిన నేల మీద చొక్కా విప్పేసి, నోరు తెరిచి గురక పెడుతున్నాడు. ఆ వేసవంతా అదే వరసట. మేం తోటకి పోగానే దొంగలా వచ్చి పడుకునేవాడట. మామ్మ ఎవరికీ చెప్పలేదు.

కూలీల నవ్వుకి నాన్న లేచాడు. బయటికి వస్తూ వంగడం మర్చిపోయి చూరుకి తల కొట్టుకున్నాడు.

"ఇయాల ఎండెక్కువున్నాది. రేపు రండ్రా."

"రేపు సల్లగుంటాదేటిరా?" అంది మామ్మ.

నాన్న చల్లటి గోడని అరచేత్తో తడిమాడు. కూలీలకి మజ్జిగ ఇచ్చి పంపేశాడు. వారం తిరక్కుండా తన రేకులు తనే పీకేశాడు. ఆ జాగాలో ఇంకో చుట్టిల్లు పెడదామని, ఈసారి తల తగలని గుమ్మం ఉండాలని మామ్మని బతిమాలాడు. మామ్మ మోకాళ్లు ఇప్పుడు మట్టి తొక్కనివ్వవు. బడి మానేసిన నా కాళ్లు అలా పనికొచ్చాయి.

మొదటి బండి మట్టి నాన్నే తెచ్చాడు. మామ్మ నోట్లో వేసుకోలేదు. చిటికెడు తీసి నాన్న అరచేతిలో పెట్టింది. నాన్న అటూ ఇటూ చూసి నాలిక మీద వేసుకున్నాడు.

"ఎలాగున్నాదిరా?"

"ఏటుంటాదే, మట్టిలాగున్నాది."

"అయితే తొక్కండి," అంది మామ్మ.