తాళం వేసిందా, తీసిందా

టోర్కిల్ బ్రూన్‌కు చూపు పోయి ఇరవై ఏళ్ళు దాటింది. అంతకుముందు ముప్పై ఎనిమిదేళ్ళు ఆయన మా ఊరు స్వెన్‌బోర్‌లో తాళాలు బిగించాడు, పాడైనవి బాగుచేశాడు, తాళంచెవులు పోగొట్టుకున్నవాళ్ళ తలుపులు తీశాడు. నీటికాసులు ముదిరి చూపు మసకబారిన చివరి మూడేళ్ళూ కూడా దుకాణం మూయలేదు. తాళం పని వేళ్ళతో చేసేది, దానికి కళ్ళతో ఏం పని అంటాడు. ఆ రోజుల్లో ఒకావిడ తన జుట్టుకు కొత్తగా వేయించుకున్న రంగు ఎలా ఉందని అడిగిందట. "మీ తలుపుకి భలే నప్పిందండీ" అన్నాడట ఈయన. ఆవిడ మురిసిపోయి పెరటి తలుపుకు కూడా తాళం పెట్టించుకుంది.

ఆయనతో నాకు పరిచయం ఒక తగాదాతో మొదలైంది.

నా పని సినిమాలకు మాటలు రాయడం. పాత్రల మాటలు కావు. చూపు లేనివాళ్ళు చెవిలో చిన్న పరికరం పెట్టుకుని సినిమా వింటారు. పాత్రలు మాట్లాడనప్పుడు తెర మీద ఏం జరుగుతోందో అందులో ఒక గొంతు చెబుతుంది. ఆ గొంతు నాది, వాక్యాలూ నావే. ఇందులో ఉన్నది ఒకటే నియమం: కనిపించింది చెప్పాలి, అనుకున్నది చెప్పకూడదు. పదకొండేళ్ళుగా ఆ నియమం తప్పలేదని నాకు గట్టి నమ్మకం ఉండేది.

ఒక నవంబరులో గురువారం మధ్యాహ్నం మా ఊరి గ్రంథాలయంలో 'సున్నపుబట్టీ' అనే నేర కథా సినిమా వేశారు. ఆగ్నెతె అనే నడివయసు మనిషి. ఆమె తమ్ముడు బట్టీ యజమానిని కొట్టి చంపి, వచ్చి ఆమె ఇంటి నేలమాళిగలో దాక్కుంటాడు. మూడు రోజులు ఆమె అతనికి అన్నపానాలు మోస్తుంది. వెళ్ళిన ప్రతిసారీ తిరిగొచ్చేటప్పుడు బయటినుంచి తాళం వేస్తుంది. మూడో రాత్రి మాత్రం వేసిందో లేదో చూపించరు. నాలుగో ఉదయం పోలీసు కార్లు దూరంగా రోడ్డు మీద కనిపిస్తాయి. ఆమె మెట్లు దిగి మాళిగ తలుపు ముందు నిలబడుతుంది. తెర నిండా ఆమె ముఖమే, చేయి కనిపించదు. తాళం తిరిగిన చప్పుడు. ఆమె పైకొచ్చి బల్ల ముందు కూర్చుంటుంది. తెర నల్లబడుతుంది.

దీపాలు వెలగగానే వెనక వరుసలోంచి పెద్ద గొంతు లేచింది.

"ఈ మాటలు చెప్పిన అమ్మాయి ఇక్కడే ఉందా?"

"ఉన్నానండీ. నా పేరు సిగ్నె" అన్నాను.

"చివర్లో ఏం చెప్పావమ్మాయ్?"

"ఆగ్నెతె తలుపుకి తాళం వేసింది అని."

"చూశావా?"

"చేయి కనపడదుగా. చప్పుడు వినపడింది."

"నేనూ విన్నాను. అది వేసిన చప్పుడు కాదు, తీసిన చప్పుడు."

గదిలో అందరూ ఆయన వైపు తిరిగారు. అంతవరకు తమ్ముణ్ణి ఆమె పోలీసులకు పట్టించింది అనుకుంటూ కోట్లు తొడుక్కుంటున్నవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. ముందు వరుసలో ఎబ్బె ఉన్నాడు. లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరైనవాడు, టోర్కిల్‌కు చిన్ననాటి స్నేహితుడు.

"నీకన్నీ తీసిన చప్పుళ్ళే వినిపిస్తాయిరా. జన్మంతా చేసింది అదేగా" అన్నాడు.

"నీకు జన్మంతా పిల్లకాయల ఆవలింతలే వినిపించాయి మేష్టారూ, ఊరుకో" అన్నాడు టోర్కిల్. తర్వాత నాకు చెప్పాడు: "అది పాతకాలపు తాళం. వేస్తే గడియ వెళ్ళి ద్వారబంధంలో ఇనప పట్టీకి కొట్టుకుంటుంది. టక్కుమని మోగుతుంది. తీస్తే గడియ వెనక్కొచ్చి తాళం పొట్టలో పడుతుంది. ఆ చప్పుడు దుప్పట్లో పడ్డట్టు ఉంటుంది. ఆ తర్వాత తలుపు కొంచెం వదులై మూలుగుతుంది. ఆ మూలుగు విన్నావా?"

నేను వినలేదు. గ్రంథాలయం చూసుకునే వీబెకె చివరి నిమిషం మళ్ళీ వేసింది. కళ్ళు మూసుకుని విన్నాను. టక్కుమనలేదు. చెక్క మూలిగింది.

అప్పుడు మొదలైంది అసలు వాదన. తీసిందే అనుకుందాం, ఎందుకు తీసింది?

"పారిపోతాడని తీసింది. ఎంతైనా అక్క" అంది వీబెకె.

"పోలీసులు తలుపు బద్దలుకొట్టకుండా తీసింది. ఇల్లు తనది, తలుపు తనది. కొత్త తలుపంటే మాటలా?" అన్నాడు ఎబ్బె.

"రెండూ కాదు" అన్నాడు టోర్కిల్. ఆయన గొంతులో అనుమానమన్నదే లేదు. "నాకొక తల్లి తెలుసు. కొడుకు ఏదో దొంగతనం చేసి పడగ్గదిలో దూరి తాళం వేసుకున్నాడు. వీధిలో పోలీసులు నిలబడి ఉన్నారు. ఆవిడ నన్ను పిలిపించింది. తాళం తీశాను. తలుపు తోయబోతే చేయి పట్టుకుంది. 'తెరవొద్దు. తాళం తీశారుగా, చాలు' అంది. నాకు అర్థంకాక ఎందుకమ్మా అన్నాను. 'వాణ్ణి ఈడ్చుకెళ్తుంటే నేను చూడలేను. వాడంతట వాడే రావాలి' అంది. ఇద్దరం వంటింట్లో కూర్చున్నాం. ఇరవై నిమిషాలకి వచ్చాడు. జోళ్ళు వేసుకుని, లేసులు కట్టుకుని వచ్చాడు. కాఫీ ఉందా అని అడిగాడు. తాగి బయటికి వెళ్ళాడు."

ఆయనే మళ్ళీ అన్నాడు: "ఆగ్నెతె కూడా అంతే. అతన్ని పట్టించనూ లేదు, తప్పించనూ లేదు. నిర్ణయం వాడికి వదిలింది. పైకొచ్చి కూర్చుంది చూడు, పారిపోయేవాడికి సాయం చేసే మనిషైతే కిటికీ దగ్గర నిలబడదూ?"

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. సినిమాలో చప్పుళ్ళు చాలావరకు తర్వాత విడిగా పట్టి అతికించినవే ఉంటాయని నాకు తెలుసు. మర్నాడే ఆ సినిమాకు శబ్దం చేసినాయనకు ఉత్తరం రాశాను. వారం తిరక్కుండా జవాబొచ్చింది. వాళ్ళ బాబాయి పశువుల కొట్టం తలుపు దగ్గర మైకు పెట్టి తాళం పదిసార్లు వేసి, పదిసార్లు తీశాడట. దర్శకుడు అన్నీ విని, బరువుగా ఉంది, ఇది బాగుందని ఒకటి ఏరుకున్నాడట. అది వేసినదో తీసినదో ఇద్దరికీ గుర్తులేదు.

ఆ కాగితం పట్టుకుని టోర్కిల్ ఇంటికి వెళ్ళాను. ఆయన రై గింజల నల్ల రొట్టె మీద హెర్రింగ్ చేప ముక్కలు సర్దుకుంటున్నాడు. చదివి వినిపించాను. పెద్దాయన అంత ధీమాగా చెప్పిన మాట కింద నేల లాగేస్తున్నట్టు అనిపించింది.

ఆయన నిదానంగా ముక్క నమిలి మింగాడు.

"అంటే వాళ్ళకే తెలీదన్నమాట" అన్నాడు.

"అవునండీ."

"బాగుంది. అయితే వాళ్ళనడగడం దండగ. ఆగ్నెతెనే అడుగుదాం. తాళంచెవి ఎక్కడుంది?"

"ఏ తాళంచెవి?"

"మాళిగది. నువ్వే చెప్పావు కదమ్మాయ్, రెండుసార్లో మూడుసార్లో. తాళం వేసి పైకొచ్చి, చెవిని పొయ్యి పక్కన మేకుకి తగిలించింది అని. చివర్లో ఏం చేసింది?"

నాకు గుర్తు రాలేదు. సినిమా నా సంచిలోని కంప్యూటర్‌లోనే ఉంది. ఆయన బల్ల మీదే పెట్టి చివరి దృశ్యం వేశాను. ఆగ్నెతె మెట్లెక్కి వస్తుంది. కుర్చీ లాక్కుంటుంది. రెండు అరచేతులూ బల్ల మీద బోర్లా పెడుతుంది. వేళ్ళు విడివిడిగా ఉన్నాయి, చేతుల్లో ఏమీ లేదు. ఆమె భుజం వెనక పొయ్యి, పొయ్యి పక్కన మేకు. ఆ సినిమాను నేను కనీసం పాతికసార్లు చూసి ఉంటాను. ఆ మేకును ఒక్కసారీ చూడలేదు.

"ఖాళీగా ఉంది" అన్నాను.

"ఏది?"

"మేకు. చేతులు కూడా."

"జేబు?"

"ఆ పూట ఏప్రన్ లేదు. గౌనుకి జేబుల్లేవు."

టోర్కిల్ అరచేత్తో బల్ల మీద ఒక్కటి చరిచాడు. ప్లేటు ఎగిరిపడింది. "చెవి తాళంలోనే ఉంది! మనిషిని లోపల పెట్టి తాళం వేసినవాడెవడైనా చెవి అక్కడే వదిలేస్తాడా? ముప్పై ఎనిమిదేళ్ళలో నేనొక్కణ్ణీ చూళ్ళేదు. చప్పుడు ఆ శబ్దాల కుర్రాడు ఎక్కణ్ణించైనా తేనీ. మేకు ఖాళీగా ఉంచమన్నది ఎవరు? ఎవరో ఒకరు అనుకునే ఉంచారు."

"లేకపోతే పెట్టడం మరిచిపోయారేమో" అన్నాను.

"నువ్వు ఎబ్బెతో ఎక్కువ తిరుగుతున్నట్టున్నావు" అన్నాడు. నవ్వు ఆపుకోలేకపోయాను.

ఇంటికొచ్చి వాక్యం మార్చాను. 'తాళం వేసింది' కొట్టేశాను. 'తాళం తీసింది' అని మాత్రం రాయలేదు, నేను చూడలేదు కాబట్టి. "ఆగ్నెతె ముఖం. తాళం తిరిగింది" అని రాశాను. ఆ తర్వాత, "ఆమె రెండు అరచేతులూ బల్ల మీద పెట్టింది. వెనక గోడకు మేకు ఉంది. దానికి ఏమీ తగిలించి లేదు." చదివితే మూడు గుక్కల్లో అయిపోయింది. పదకొండేళ్ళలో నేను రాసిన వాటిలో అంతకంటే నిజాయితీగల వాక్యాలు లేవు.

డిసెంబరు మొదట్లో వీబెకె ఆ సినిమా మళ్ళీ వేసింది. కుర్చీలు చాలక కొందరు గోడకు ఆనుకుని నిలబడ్డారు. అయిపోయాక గంటన్నర వాదించుకున్నారు. ఈసారి చూపున్నవాళ్ళే చూపులేనివాళ్ళను అడగడం మొదలుపెట్టారు, మేకు సంగతి మీకెలా తెలిసింది, మేం చూడలేదే అని. ఎబ్బె మాత్రం పట్టు వదల్లేదు.

"చెవి తాళంలో వదిలిందంటే పోలీసులకి వీలుగా ఉండాలనేరా! తలుపు ఖరీదు సంగతి నేను ముందే చెప్పాను."

"నీ ఇంటికి పోలీసులొచ్చినప్పుడు అలాగే చెయ్యి. మీ తమ్ముడికి నేను చెబుతాలే" అన్నాడు టోర్కిల్. గదంతా నవ్వింది.

ఇప్పుడు ఆయనకు ఎనభై ఒకటి. నేను రాసే ప్రతి సినిమా ముందుగా ఆయనకే చదివి వినిపిస్తాను. మంగళవారాలు పదింటికి వెళ్తాను. ఆయన కాఫీ పెడతాడు. నేను "విచారంగా చూసింది" అని చదివితే కప్పు కింద పెట్టేసి, "విచారం ఎక్కడ కనపడింది? కనుబొమ్మల్లోనా, నోట్లోనా?" అంటాడు. జవాబు చెప్పలేకపోతే ఆ మాట కొట్టేయాల్సిందే. పోయిన వారం ఒకే పేజీలో తొమ్మిది కొట్టించాడు. పదోదానికి నేను ఒప్పుకోలేదు. ఆ పడవ నిజంగానే ఎర్రగా ఉంది. ఎలాంటి ఎరుపో చెప్పమన్నాడు. తుప్పు పట్టిన గొళ్ళెం రంగు అన్నాను. కాసేపు ఆలోచించి, ఉండనిమ్మన్నాడు.