పక్కింటి విత్తనం

మా టీచరమ్మ పోయారన్న కబురు నాకు ఆళ్లగడ్డ బస్సులో తెలిసింది. కండక్టరు ఒకప్పుడు ఆమె దగ్గర చదువుకున్నవాడే. టికెట్టు చింపకుండా నా పక్కన నిలబడి, "అక్కా, టీచరమ్మ పాయెనంట. నిన్న, నంద్యాలలో," అన్నాడు. కిటికీ అవతల జొన్నచేలు వెనక్కి పోతూనే ఉన్నాయి. వాటిని చూస్తుంటే ఏడుపుకన్నా ముందు ఒక ప్రయాణం గుర్తుకొచ్చింది. ఈ దారినే ఆమెతో కలిసి ఎద్దులబండిలో ఆరు రోజులు తిరిగాను.

అప్పటికి నేను ట్రైనింగు ముగించి, నంద్యాలలో ఆమె ఉన్న బడిలోనే కొత్తగా చేరాను. కర్నూలు రాజధాని అయిన ఏడు అది. అంతకు ముందే పెద్ద కరువు వచ్చి వెళ్లింది. వానలు పడి చేలు ఏపుగా లేచేసరికి జనం కరువు మాట ఎత్తడం మానేశారు. టీచరమ్మకు మాత్రం అదే ధ్యాస. క్రిస్మస్ సెలవులు ఇవ్వగానే, "పాపా, సద్ది కట్టుకో. ఊర్లు తిరిగొద్దాం. కరువులో ఎవురెట్లా బతికినారో అడుగుదాం," అన్నారు. కరువు గురించి పాఠంలో ఉంది కదా అని తెలివి ప్రదర్శించాను. "ఆ పాఠం రాసినాయప్ప కడుపునిండా తిని రాసింటాడు లే," అన్నారు.

ఆమె ధోరణే అంత. పిల్లలను తిట్టినంతసేపూ వాళ్ల జుట్టు సవరిస్తూనే ఉండేవారు. తన కంచంలో మెతుకు మిగలనిచ్చేవారు కాదు. పక్కవాళ్ల కంచంలో మిగిలినా ఊరుకునేవారు కాదు. ఆమె పక్కన భోజనానికి కూర్చోవాలంటే మాకు హడలు. ఇంకో అలవాటు, ఎవరింటికి వెళ్లినా ముందు తల ఎత్తి దూలాల వైపు చూసేవారు. టీచరమ్మ ఇల్లు బేరం చేయడానికి వచ్చారని మేం చాటుగా నవ్వుకునేవాళ్లం. ఆ నవ్వుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

ఆ ఆరు రోజులూ నిద్రలో నడిచినట్టే గుర్తున్నాయి నాకు. పొద్దున్నే మంచులో ఎద్దుల కొమ్ములు తప్ప ఏమీ కనిపించేది కాదు. తూర్పున నల్లమల ఒకసారి పక్కనే ఉన్నట్టుండేది, మరోసారి అసలు లేనట్టుండేది. బండిలో పరిచిన గడ్డిమీద కునుకు తీసి లేచేసరికి మళ్లీ జొన్నచేనే. పొద్దున చూసిన చేనో, వేరే చేనో తెలిసేది కాదు. "ఏ ఊరప్పా ఇది?" అని బండి తోలే పెద్దాయనను అడిగితే, "ఊరు ఇంగా రాలేదు లేమ్మా, పండుకో," అనేవాడు.

ఊరు వస్తే ఆడవాళ్లు చుట్టూ చేరి చెప్పేవారు. ఒకచోట చింతగింజలు వేయించి, నానబెట్టి, దంచి అంబలి కాచారట. ఒకచోట నాగజెముడు పండ్లతో పూట గడిపారట. ఇంకో ఊర్లో అయిదిళ్లకు ఒకే పొయ్యి వెలిగించి, ఉన్నది అందరూ పంచుకున్నారట. టీచరమ్మ అంతా విని, చివర్లో ఒకే ప్రశ్న అడిగేవారు. "విత్తనం తిన్నారా, ఉంచినారా?" తిన్నామన్నవాళ్లు తల దించుకునేవారు. ఉంచామన్నవాళ్లను చూస్తే ఆమె మొహం గట్టిపడేది. అదేమిటో నాకు అంతుపట్టలేదు.

శిరివెళ్ల దాటాక, అడగకుండానే ఆమే చెప్పారు. "మాది ఆళ్లగడ్డ పక్కన పల్లె. నా చిన్నప్పుడు గూడా కరువొచ్చె. పురుగు పట్టకుండా విత్తన జొన్న కంకులు పొయ్యి మీద దూలానికి కట్టిండ్రి. పొగ తగలాల గదా. మా తమ్ముడు ఆ కిందనే పండుకోని, వాటినే చూస్తా, అమ్మా ఒక్క కంకీ అంటాండె. మా యమ్మ ఇయ్యలేదు. వాడు పోయినాంక గూడా కంకులు ఆడనే ఉండె."

ఆ తర్వాత ఆమెను మిషన్ హాస్టల్లో చేర్చారు. తల్లి చూడటానికి వస్తే ఆమె బయటికి వెళ్లలేదు. మూడుసార్లు వచ్చి, తిరిగి వెళ్లి, ఆ తల్లి ఒక ఏడు చనిపోయింది. అమ్మ చేసింది తప్పా, ఒప్పా? ముప్పై ఏళ్లుగా ఆమెను తొలుస్తున్నది అదొక్కటే. ఈ ఊర్లు తిరగడమంతా దానికోసమేనని నాకు అప్పుడు అర్థమైంది.

అయిదో రోజు ఆళ్లగడ్డకు ఇవతల ఒక ముసలమ్మ మజ్జిగ ఇచ్చింది. టీచరమ్మ మామూలుగానే అడిగారు, విత్తనం ఉంచినావా అవ్వా అని.

"ఉంచినా. మాది కాదు లే, పక్కింటోళ్లది."

"వాళ్లది నీకాడ ఎందుకుంటాది?"

"కరువేడు ఎవురి విత్తనం వాళ్లింట్లో ఉంటే నిలబడదు తల్లీ. బిడ్డ ఏడిస్తే చెయ్యి ఊరుకుంటాదా? అందుకే మా కంకులు వాళ్లింట్లో, వాళ్ల కంకులు మా ఇంట్లో. ఇంగొకరి సొత్తు గదా, ముట్టుకోం. మనది మనం పోయి అడిగినా వాళ్లియ్యరు. అట్లని ఒట్టు పెట్టుకుంటాం. మా యత్త కాలం నుంచీ ఈ పక్క ఊర్లన్నిట్లో ఇంతే."

"పిల్లోళ్లకు చెప్తారా?" అని అడిగారు టీచరమ్మ.

"యాడ చెప్తాం? చెప్తే పక్కింటోళ్ల మీద పగ పెట్టుకుంటారు. తిట్టుకుంటే మమ్మల్నే తిట్టుకోనీ."

మజ్జిగ చెంబు టీచరమ్మ చేతిలో అట్లాగే ఉండిపోయింది. బండెక్కాక అన్నారు. "వాడు పోయే ముందు సాయంత్రం మా యమ్మ పక్కింటి వాకిట్లో నిలబడుకోని చెయ్యి చాపి ఏడుస్తాండె పాపా. ఎందుకో తెలీకపాయె నాకు. వాళ్లింట్లో ఉన్న తన కంకులు అడగను పోయింటాది." నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఓదార్చే వయసు కాదు నాది.

ఆ తర్వాత ఆమె కింద చాలా ఏళ్లు పనిచేశాను. బడిలో ఏ పిల్లయినా అమ్మ మీద అలిగి కూర్చుంటే, పాఠం మధ్యలో ఉన్నా సరే, "పోయి ఎందుకని అడుగు పో. అడిగి రా," అని ఇంటికి తరిమేవారు. నేను ఆమెకు రుణపడింది ఈ ఒక్క మాటకే అనుకుంటాను. మా అమ్మను నేనూ చాలా అడిగాను, అమ్మ బతికుండగానే.

ఆ ప్రయాణంలో ఆరో రోజు బండిని తన పల్లెకు తోలించారు. ఊర్లోకి పోలేదు. ఊరి బయట రెండు చేల దగ్గర దిగి, "ఇది మాది. అది పక్కింటోళ్లది," అన్నారు. రెండూ ఎప్పుడో చేతులు మారినా ఆమె లెక్కలో అవి అట్లాగే ఉన్నాయి. తల మీదికి పెరిగిన జొన్న రెండు వైపులనుంచీ వంగి, మధ్యలో గట్టును మూసేసింది. టీచరమ్మ చెప్పులు బండిలో వదిలి ఆ గట్టు మీద లోపలికి నడిచారు. బండాయన ఎద్దులను విప్పి గడ్డి వేశాడు. కాసేపటికి ఆమె మాకు కనిపించలేదు. చేనులోంచి, ఎవరో పిలిస్తే పలికినట్టు, "వస్తాండామ్మా," అని ఒక్కసారి వినిపించింది. తర్వాత గట్టుకు ఇటువైపు కంకులూ అటువైపు కంకులూ కదులుతూ, కదులుతూ, మెల్లగా దూరం పోయాయి.