వానకు చెప్పిన క్షమాపణ

ఈ పొద్దున కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే కోనసీమ మిత్రుడి ఫోను వచ్చింది. క్షేమసమాచారాలేవీ లేవు. మీవైపు మబ్బేమైనా పట్టిందా అన్నాడు. లేదన్నాను. గాలి ఎటునుంచి అన్నాడు. పడమటి గాలి అన్నాను. కాసేపు ఆలోచించి, అయితే ఇంకో వారం చూడాలి అని తీర్మానించి పెట్టేశాడు. అరవై మూడేళ్ళుగా అనంతపురం జిల్లాలో ఎండుతున్న నాకు, కాలువగట్టు మీద పుట్టి కొబ్బరి నీడలో పెరిగిన మనిషి వాన సంగతి చెబుతున్నాడు. వంటింట్లో నా భార్య నవ్వుతోంది. ఆ నవ్వు కూడా నేను గుర్తుపెట్టుకున్నాను.

ఈ మిత్రుడి మీద నాకొక ఫిర్యాదు ఉంది. అది ముందు చెప్పకపోతే మిగతాది బోధపడదు. పైగా దాన్ని చెప్పుకునే అవకాశం దొరికితే నేను వదులుకునే రకం కాదు. మేమిద్దరం గుంతకల్లు రైల్వే ఆఫీసులో ఎనిమిదేళ్ళు ఎదురెదురు టేబుళ్ళ దగ్గర పనిచేశాం. నా క్యారియర్లో చెనిక్కాయల ఊరుబిండి, అదే వేరుశెనగ పచ్చడి, సగం అతనే తినేవాడు. చివరికి అతనికి సొంత వైపు బదిలీ అయింది. వీడ్కోలు సభకు పూలదండ తెచ్చింది నేను, మిక్స్చరు పొట్లాలు కట్టించింది నేను. దండ మెడలో ఉండగానే లేచి నిలబడి, "ఎనిమిదేళ్ళలో ఈ జిల్లాలో నేను చూసిన అందమైన దృశ్యం ఒక్కటేనండీ, ఇక్కణ్ణుంచి బయటికి వెళ్ళే రైలు," అన్నాడు. అందరూ నవ్వారు. మా జిల్లావాళ్ళూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ వరసగా చెప్పగలను. ఆరోజు నా వంతు అరటిపండు నేను తినలేదు.

నాది మరీ పట్టుదల అనుకుంటారేమో. నా పెళ్ళిలో నా భార్య చిన్నాయన పంక్తిలో రెండోసారి భక్ష్యాలు వడ్డిస్తూ, పెళ్ళికొడుకునైన నా విస్తరి దాటి పక్కవాడికి వేశాడు. ఆ పెద్దమనిషి ఇప్పుడు లేడు. బతికున్నంతకాలం ఆయన మా ఇంటికి వచ్చినప్పుడల్లా రెండు భక్ష్యాలు పెట్టించి, "రెండోది గూడా తిను చిన్నాయనా, మా ఇంట్లో రెండోసారి అడుగుతారు," అనేవాణ్ణి. పాపం, ఎందుకన్నానో ఆయనకు చివరిదాకా తెలియలేదు. నాకు తెలుసు, అది చాలు.

రైలు మాట అన్న పందొమ్మిదేళ్ళకు, నిరుడు జూన్‌లో, ఆ మిత్రుడు ఫోను చేశాడు. రిటైరయ్యాడట. వాళ్ళావిడకు లేపాక్షి చూడాలని ఉందట. పది రోజులు వీలు చేసుకుని వస్తామని, మీ వైపంతా తిప్పి చూపించాలని అన్నాడు. రమ్మన్నాను. ఆ మాటను అతని నోటితోనే వెనక్కి తీసుకునేలా చేయడానికి నాకు పది రోజులు దొరికాయి. ఏ రోజు ఏం తినిపించాలి, ఏ కొండ ఏ పొద్దులో చూపించాలి అని కాగితం మీద రాసుకుని మళ్ళీ కొట్టేసి రాసుకుంటుంటే నా భార్య వచ్చి చూసి, "సుట్టాలు వస్తాండారా, సాక్షులు వస్తాండారా?" అని అడిగింది.

మొదటి రోజు అనంతపురంలో మా ఇంట్లో రాగి సంగటి. పొగలు కక్కే ముద్ద నడుమ గుంట చేసి నెయ్యి, ఒకవైపు నాటుకోడి పులుసు, ఒకవైపు ఊరుబిండి. సంగటిని తుంచి, పులుసులో ముంచి, మింగాలి. నమలకూడదు. మా వైపు పుట్టిన వాళ్ళకు ఇది ఎవరూ నేర్పరు. మిత్రుడు నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టాడు. నమిలేకొద్దీ అది పళ్ళకు అతుక్కుంది. చెప్పాను. "నమలకుండా మింగేది మాత్ర కదండీ," అని, కొంచెం అన్నం ఉందా అని నా భార్యను అడిగాడు. వాళ్ళావిడ మాత్రం రెండు ముద్దలు తిని, ఊరుబిండి ఎలా నూరాలో అడిగి తెలుసుకుంది. ఆవిడను నేను చెల్లెమ్మ అంటాను. చెల్లెమ్మ మెప్పు బంగారమే, కానీ నాకది పనికిరాదు. రైలు మాట అన్నది ఆవిడ కాదు కదా.

రెండో రోజు బజారులో ఉగ్గాని తినిపించాను. తడిపిన బొరుగులు, పసుపు, ఉల్లిపాయ, పైన పుట్నాలపొడి, పక్కన మిరపకాయ బజ్జీ. మిత్రుడు నిలబడే మూడు ప్లేట్లు తిన్నాడు. కళ్ళలో నీళ్ళు, నుదుటి మీద చెమట. ఇక అంటాడు, ఇప్పుడంటాడు అని చూస్తున్నాను. చేయి కడుక్కుంటూ, "వీడి చేతిలో ఏదో ఉందండీ. మా ఊళ్ళో పెడితే వీడికి తిరుగుండదు," అన్నాడు. గొప్పతనమంతా వంటవాడి చేతికి పోయింది, వాణ్ణి కూడా కోనసీమకు పట్టుకుపోయాడు. మా జిల్లాకు ఒక్క ముక్క మిగల్చలేదు.

మూడో రోజు కుందుర్పి దగ్గర మా అక్క వాళ్ళ ఊరికి అద్దె కారులో బయల్దేరాం. అక్కడ నాలుగు రోజులుండి, అక్కణ్ణుంచి లేపాక్షి పోవాలని నా ఏర్పాటు. కల్యాణదుర్గం దాటాక దారి నాకు ప్రాణం. ఎర్రమట్టి, దున్ని వాన కోసం పెట్టుకున్న చేలు, ఒక గుండు మీద ఇంకో గుండు మొగ్గుతూ పడకుండా నిలిచిన కొండలు, దూరంగా తీరిగ్గా తిరిగే గాలిమరలు. "వీటినిట్లా ఎవరు పేర్చారన్నయ్యా?" అని చెల్లెమ్మ ఆశ్చర్యపోయింది. నేను గర్వంగా వెనక్కి తిరిగి చూస్తే మిత్రుడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. నా జిల్లాలో అన్నింటికన్నా మంచి కొండలు అతని గురక పక్కనుంచి వెళ్ళిపోయాయి.

అక్క వాళ్ళింట్లో మమ్మల్ని ఎదుర్కొన్నది విత్తనాల వాసన. ఒలిచి పెట్టిన చెనిగ్గింజలు వసారా నిండా. నెలరోజులుగా ఊరంతా ఆకాశం వైపు చూస్తోంది. మా బావ మాటలు తక్కువ మనిషి. అతిథికి చెంబుతో నీళ్ళిచ్చి, కుశలమడిగి, మళ్ళీ మబ్బు వైపు చూశాడు. సాయంత్రం నేను వాళ్ళను కుందుర్పి కొండ ఎక్కించి, పొద్దు గుంకే వేళ కింద పరుచుకున్న ఎర్రనేల చూపించాలి. కాగితం మీద అది నా బలమైన అస్త్రం. మిత్రుడు బూట్లు కూడా వేసుకున్నాడు. సరిగ్గా అప్పుడు పడమట ఉరిమింది. గాలి లేచి, దుమ్ము లేచి, పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి.

వసారా అంచున నిలబడి మిత్రుడు, "ఛ, పాడు వాన. ఇవాళే రావాలా?" అన్నాడు.

అక్క చేతిలో చాట అట్లాగే ఆగిపోయింది. నా భార్య తల దించుకుంది. వానంటే కాలవలో నీళ్ళకు తోడు వచ్చే చికాకు అయిన చోట ఆ మాటకు అర్థమేమీ లేదు. మా దగ్గర మూడేళ్ళ పసివాడు కూడా దాన్ని నోట రానివ్వడు. పెళ్ళిపందిరి తడిసి కూలినా, దారిలో బండి కూరుకుపోయినా, వానను ఒక మాట అనం. మా బావ అతిథిని ఏనాడూ గట్టిగా పలకరించి ఎరగడు. ఆయన వచ్చి మిత్రుడి ముందు నిలబడి, మెల్లగానే, "ఏమప్పా, ఆ మాట ఇంగోసారి అనొద్దు. ఆ యమ్మకి ఇనపడిందంటే ఎనక్కి పోతాది," అన్నాడు.

మిత్రుడి ముఖం చూడాలి. మాటకు మాట అతికించే ఆ మనిషి మా బావ ముఖం వైపు, విత్తనాల వైపు, వాకిట్లోకి వచ్చి చేతులు చాచి తడుస్తున్న ఊరి వైపు చూశాడు. ఆ తర్వాత బూట్లు విప్పి, వాకిట్లోకి దిగి, వానలో నిలబడి రెండు చేతులూ జోడించి, "తప్పయిందమ్మా. తెలియక అన్నాను. రా తల్లీ," అన్నాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది, కళ్ళద్దాల మీద నీళ్ళు కారుతున్నాయి. ముప్పై ఐదేళ్ళ కాపురంలో ఈయన తప్పయిందనడం ఇదే మొదలు అని చెల్లెమ్మ నవ్వుతూ నవ్వుతూ కూలబడింది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. పందొమ్మిదేళ్ళుగా నేను అడగకుండా అడుగుతున్న క్షమాపణ, ఒక్క నిమిషంలో వానకు చెప్పేశాడు.

వాన వెనక్కి పోలేదు. గంటన్నర కురిసింది. వెలిశాక బావ వాకిలి దాటి చేనులోకి పోయి, మట్టిలో వేళ్ళు గుచ్చి చూసి, జానెడు దిగిందని వచ్చి చెప్పాడు. అంటే తెల్లారితే విత్తనమే. ఊర్లో ఉన్న రెండు ట్రాక్టర్లకు అప్పటికే వేరేవాళ్ళ పేర్లు పడిపోయాయి. పక్కచేని సాయిబన్న తన ఎద్దుల జత ఇస్తానన్నాడు. లేపాక్షి లేదు, కొండ లేదు. నా కాగితం జేబులోనే తడిసి ముద్దయింది. పొద్దున్నే అందరం చేనులో ఉన్నాం. బావ మడక, అదే నాగలి, తోలుతుంటే, వెనక సాలులో మా అక్క, మా ఆవిడ, చెల్లెమ్మ, నేను, మిత్రుడు వంతులవారీగా గింజలు వదులుతూ నడిచాం. బెత్తెడుకు ఒక గింజ. మిత్రుడు దానం చేస్తున్నట్టు రెండు రెండు వేస్తున్నాడు. "అన్నా, ఒగటే ఒగటే. జంటగా ఏస్తే రెండూ కొట్లాడుకుంటాయి," అంది మా అక్క. ఆ తర్వాత అతను నగలు పొదిగేవాడిలా ఒక్కొక్క గింజా దించాడు. తను వేసిన నాలుగు సాళ్ళ మొదట్లో నాలుగు తెల్లరాళ్ళు గుర్తుగా పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం అక్క గంపలో సంగటి, ఊరుబిండి, ఉల్లిపాయలు, మజ్జిగ తెచ్చింది. మిత్రుడు గట్టు మీద కూర్చుని, బురద చేతులు కడుక్కుని, ముద్ద తుంచి, ముంచి, మింగాడు. వరసగా రెండు ముద్దలు. మూడోది అడిగాడు. అన్నం మాట ఎత్తలేదు. నేను కూడా ఎత్తలేదు, అది ఎంత కష్టమో నన్నెరిగినవాళ్ళకు తెలుసు. ఇంతలో సాయిబన్న వచ్చి, ఈ సుట్టాలు కాలు పెట్టినాకే కదా వాన పడింది అని అందరికీ గుర్తు చేసి, "అన్నా, మా చేన్లో గూడా ఒగసారి నడిచి పో," అని మిత్రుణ్ణి చేయి పట్టి తీసుకుపోయాడు. సాయంత్రానికి ఇంకో ఇద్దరు అడిగారు. నేను పుట్టిన జిల్లాలో, నా అక్క ఊరిలో, వాన తెచ్చినవాడు ఆ మనిషయ్యాడు. నా కాలు సంగతి ఎవరూ అడగలేదు. వాళ్ళ ముగ్గురి పేర్లూ నాకు గుర్తున్నాయి.

తర్వాత మేం లేపాక్షి పోయాం, పెనుకొండ పోయాం. నంది ముందు నిలబడి చెల్లెమ్మ కళ్ళు తుడుచుకుంది. మిత్రుడు నంది చుట్టూ తిరిగి వచ్చి, ఈ ఎండకు చేనులో పదును ఆరిపోదు కదా అని నన్నడిగాడు. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి తీస్తూ కూడా అదే ప్రశ్న. నేను ఇక ఆశ వదులుకున్నాను. చూపించాల్సినవన్నీ చూపించాను, అతను దేన్నీ సరిగ్గా చూడలేదు. పైగా పోయేముందు తన సాళ్ళు చూడాలని పట్టుబట్టి మళ్ళీ అక్క వాళ్ళ ఊరికే తిప్పించాడు.

పదో రోజు సాయంత్రం అనంతపురంలో వాళ్ళకు రైలు. పొద్దున్నే అక్క వాళ్ళింటి ముందు కారు సిద్ధం. అక్క దారిలో తినడానికి నిప్పట్లు, ఊరుబిండి కట్టి ఇచ్చింది. అయిదు నిమిషాల్లో వస్తానని మిత్రుడు చేనుకు పోయాడు. గంటయినా రాలేదు. డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు. నేను పోయి చూస్తే, తెల్లరాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ముక్కు నేలకు ఆనించేటంతగా వంగి ఉన్నాడు. ఎర్రమట్టి అక్కడక్కడా సన్నగా పగిలింది. ఒకచోట మొలక, తన తలకన్నా పెద్ద మట్టిపెళ్ళను మోస్తూ, సగం పైకి లేచి ఆగింది. పక్కన ఇంకా ఏమీ లేదు.

"మధ్యాన్నానికంతా సాలు సాలంతా లేస్తాదంట, మీ బావగారు చెప్పారు," అన్నాడు తల ఎత్తకుండా. యాస కూడా మా దాంట్లోకి జారింది.

"రైలు పోతాది, రాప్పా," అన్నాను.

"వెళ్ళనివ్వండి. రైలు రోజూ ఉండేదేగా. ఇది ఇవాళే."

నేను అతని ముఖం చూశాను. పూలదండ, మిక్స్చరు పొట్లాలు, ఆ నవ్వులు, ఏ ఒక్కటీ అందులో లేవు. తనన్న మాట తనకు గుర్తే లేదు. గుంతకల్లు ప్లాట్‌ఫారం మీదే దాన్ని వదిలేసి రైలెక్కాడు. ఇన్నేళ్ళూ మోసింది నేనొక్కణ్ణే. గుర్తు చేయడానికి తగిన వాక్యం పందొమ్మిదేళ్ళుగా నా దగ్గర సిద్ధంగా ఉంది. నోటిదాకా వచ్చింది. అంతలో అతను నా చేయి గట్టిగా పట్టుకుని, "అదుగో, కదిలింది," అన్నాడు. నేను కూడా మోకాళ్ళ మీద కూర్చున్నాను. అది నిజంగా కదిలిందో లేదో నేను ప్రమాణం చేసి చెప్పలేను. ఆ పూట రైలు వాళ్ళు లేకుండానే పోయింది. సాయంత్రానికి నాలుగు సాళ్ళూ ఆకుపచ్చ చుక్కలు పెట్టాయి, మిత్రుడు ఒక్కొక్క దాని దగ్గరా ఆగుతూ అటునుంచి ఇటు, ఇటునుంచి అటు నడిచాడు.

ఆరోజు అక్క వాళ్ళ వసారాలో నా భార్య నా చెవి దగ్గరికి వంగి, "చెప్పించుకున్నావా?" అనడిగింది. చెప్పినాడన్నాను. ఏమని అంది. "రైలు పోతే పోనీ అన్నాడు," అన్నాను. ఆవిడ చాలాసేపు నవ్వింది. ఈసారి నేనూ నవ్వాను.

మధ్యలో ఒక నెల వాన ముఖం చాటేయడంతో ఆ ఏడు పంట సగమే వచ్చింది. మా బావ ఆ నాలుగు సాళ్ళ కాయలు విడిగా పీకించి కోనసీమకు పంపాడు. మిత్రుడు వీధిలో ఇంటింటికీ గుప్పెడు పంచి, ఇది నేను పండించింది అని చెప్పుకున్నాడట. మా జిల్లా పేరు కూడా చెప్పాడని చెల్లెమ్మ ప్రత్యేకంగా ఫోను చేసి చెప్పింది. ఈ ఏడు ఇంకా చినుకు లేదు. అతన్ని త్వరగా రప్పించమని ఊరంతా మా బావను పోరుతోంది. వచ్చే వారానికి టికెట్లు తీసుకున్నారు, వెనక్కి పోవడానికి మాత్రం ఇంకా తీసుకోలేదు. ఆ వీడ్కోలు సభ మాట నా దగ్గర భద్రంగానే ఉంది. క్షమాపణ నాకు ఇంకా అందలేదు కాబట్టి దాన్ని నేను వదిలేయలేదు. అయితే ఈ పొద్దున అతనితో మాట్లాడి ఫోను పెట్టేశాక, దాన్ని ఒకసారి తలుచుకోవాలన్న సంగతి కూడా మర్చిపోయి వాకిట్లోకి పోయి మబ్బు కోసం చూస్తూ నిలబడ్డాను. దేన్నైనా నా చేత మరిపించడం కాలం వల్ల అయ్యే పని కాదు. అందుకే కాబోలు, అది నన్ను ఇంకో పనిలో పెట్టింది.