వంక అవతల పొగ

1967 ఖరీఫ్. కంబదూరు దగ్గర ఎర్రనేలలో మా కంపెనీ చిన్న రన్‌వే వేసింది. నేనూ, నా తోటి పైలట్ జోసెఫూ వేరుశనగ చేలమీద విమానాలతో మందు చల్లేవాళ్లం. ఆ ఏడు వానలు అరకొర. మొలిచిన కాస్త పైరునూ గొంగళిపురుగు నమిలేస్తోంది.

చేల పక్కన పారే వంక దాటితే ‘డేంజర్ ఏరియా’. అంటే వైమానిక దళం కొత్త పైలట్లకు శిక్షణ ఇచ్చే ఆకాశం. వాళ్ల జెట్లు చెట్లను రాసుకుంటూ పోయేవి. అది ఎప్పుడు ఖాళీయో ఫోన్‌లో కనుక్కుని, ఆ వేళకే మేం అటు వెళ్లాలి. ఇక గాలివాటం తెలియడానికి, మందు చల్లే చేను గట్టున మా మనుషులు పొగ పెట్టేవాళ్లు. పొగ ఉన్నచోటికి విమానం వస్తుందని ఊళ్లన్నిటికీ తెలిసిపోయింది.

వంక అవతలి రైతు నాగప్ప వచ్చి బతిమాలాడు. “ఇంగ రెండు దినాలు పోతే చేన్లో ఏమీ ఉండదు సార్. పెండ్లాం బిడ్డల్ని తోలుకోని బళ్లారికి కూలికి పోవాల్సిందే.”

నాకు నోరెక్కువ. “ఎల్లుండి దాకా అక్కడ జెట్లు తిరుగుతాయి. నీ చేను కోసం నన్ను చావమంటావా?” అని గద్దించాను.

“పాపం అన్నా, అట్లా అంటావేం?” అన్నాడు జోసెఫ్.

మర్నాడు నాగప్ప తన గట్టున పచ్చికంప తగలబెట్టాడు. ఇవతల మందు చల్లుతున్న జోసెఫ్ ఆ పొగ చూసి వంక దాటాడు. ఎంతసేపు పడుతుందిలే అనుకున్నాడు కాబోలు, పిచ్చివాడు! సగం చేను చల్లేసరికి గుట్ట వెనకనుంచి జెట్ వచ్చింది. దాన్ని తప్పించుకోబోయి జోసెఫ్ కిందికి దిగితే అతని విమానం రెక్క నేలకు తగిలింది. జెట్ క్షేమంగా వెళ్లిపోయింది. మా జోసెఫ్ దక్కలేదు.

నేను పరుగున వెళ్లేసరికి నాగప్ప నెత్తి బాదుకుంటున్నాడు. “పొగ పెట్టినోణ్ణి నేనే సార్! ఆయప్పను నేనే పిలిచినా!” తిడదామని నోరు తెరిచి, నేనూ ఏడ్చేశాను.

ఆకాశంలో హద్దు పైలట్‌కు తెలిస్తే చాలదు, కింద ఎదురుచూసే మనిషికీ గద్దించకుండా, అర్థమయ్యేలా చెప్పాలి. ఆ తర్వాత ఎక్కడ పనిచేసినా, ఎగరకూడని రోజున ఊరూరా దండోరా వేయించి, ఎందుకు రాలేమో చెప్పించాను.

మందు పడిన సగం చేనులో ఆ ఏడు కాయ బాగా పట్టింది. నాగప్ప పీకలేదు. ఎందుకప్పా అని అడిగితే, “ఆ కాయ నా గొంతు దిగదు సార్” అన్నాడు. కార్తీకంలో పెళ్లాం బిడ్డలతో బళ్లారికి కూలికి పోయాడు.