ఖాళీగ ఇడిసిన గడులు

ఇంత దగ్గరికి జరుగుండ్రి, గోడకు ఆనుకొని కూసోండ్రి. ఇది గట్టిగ చెప్పుకునే ముచ్చట కాదు.

సిద్దిపేటల ఒక ప్రైవేటు దవాఖానల, ఐసీయూల నేను ఆయమ్మగ చేసిన. చదివింది ఐదో తరగతి. కాని ఏ మంచం మీద ఎవరు పండుకున్నరో, ఏ దినం ఎవరి కాళ్లు సల్లవడ్డయో ఇప్పటికీ వరుసవెట్టి చెప్త.

నోట్ల పైపు ఏసి మిషను మీద ఊపిరి తీపిచ్చే పేషెంటు తనంతట తాను కదలడు. రెండు గంటలకొకసారి పక్క మార్చాలె. ఎడమకు, కుడికి, ఎల్లెలకల. లేకుంటే నడుము కింద తోలు చస్తది. పసిపిల్లలను సాదినోళ్లకు ఇది చెప్పే పనే లేదు. కాని ఒక్కరితోని అయ్యేది కాదు. ఒకరు తలకాడ నిలవడి పైపు పట్టాలె, ఇద్దరు మనిషిని తిప్పాలె. మా వార్డుల ఎనిమిది మంచాలు. డ్యూటీకి ఇద్దరు సిస్టర్లు, నేను.

మంచానికో పెద్ద కాగితం ఉంటది. బీపీ, నాడి, మూత్రం ఎంతొచ్చింది, అన్నిటికి గడులు. పక్క మార్చినందుకు కూడ ఒక వరుస. మా సీనియర్ సిస్టర్ డ్యూటీ ఎక్కంగనే చాయ తాగుకుంట ఆ వరుసంత సాయంత్రం దాక నింపేసేది. చెడ్డ మనిషి కాదు, తన టిఫిన్ల సగం నాకు పెట్టేది. "పెద్ద డాక్టరు మంచం దిక్కు చూడడు ఆయమ్మా, కాగితం చూస్తడు. నేను దేన్ని సక్కవెట్టాలె చెప్పు" అనేది.

అప్పుడు నంగునూరు దిక్కు నుంచి కొత్తగ ఒక పిల్ల వచ్చింది. వాళ్ల బాపు భివండిల మగ్గం నడుపుతడు. వాళ్లింట్ల నర్సింగ్ చదివింది ఆమెనే మొదలు. నన్ను పెద్దమ్మా అని పిలిచేది. చేసిన పనికే గడి నింపేది. చెయ్యంది ఖాళీగ ఇడిసేది.

"ఏందమ్మా, నీ కాగితం పండ్లూడిన నోరోలె ఉన్నది" అన్నది సీనియర్ సిస్టర్.

"తిప్పలేదు కద అక్కా, ఎట్ల రాయాలె? మిషను మీదున్న పేషెంటుకు ఒక సిస్టర్ ఉండాలె అని కాలేజీల చెప్పిన్రు."

"అయితే పేషెంట్లను గా కాలేజీలనే పెట్టుకొమ్మను."

అందరం నవ్వినం. నేను కూడ నవ్విన.

తర్వాత బట్టలు మడతవెట్టుకుంట ఆ పిల్లనే చెప్పింది. కాలేజీల పక్క మార్చుడు రబ్బరు బొమ్మ మీద నేర్పిన్రట, ఒక్కసారి. "బొమ్మకు బరువు లేకుండె పెద్దమ్మా, నోట్ల పైపు లేకుండె. ఇద్దరు తిప్పిన్రు, మిగిలినోళ్లం సుట్టు నిలవడి చూసినం. బుక్కుల మాత్రం అందరం చేసినట్టే రాసుకున్నం. మేడం సంతకం పెట్టింది."

గట్లనే తొగుట దిక్కు నుంచి ఒక రైతు వచ్చిండు. మెదడుల రక్తం గడ్డకట్టింది. బరువు మనిషి. ఆయన బిడ్డ రోజూ అద్దంలకెళ్లి చూసి పోయేది. మా కొత్త సిస్టర్ పిల్ల డ్యూటీల ఉన్ననాడు నేను, ఆమె తిప్పేటోళ్లం. బతిమాలితే సీనియర్ సిస్టర్ వచ్చి పైపు పట్టేది. నాలుగు సార్లు తిప్పాల్సిన కాడ రెండు సార్లు అయ్యేది. మిగిలిన రెండు గడులు ఖాళీ. పిల్ల లేని నాడు ఆయనను ఎవ్వరు ముట్టలే. ఆనాటి కాగితాలు నిండుగ ఉండె.

పదో దినం ఒళ్లు తుడుస్తుంటే నాకు వాసన వచ్చింది. నడుము కింద అరచెయ్యంత పుండు, నల్లగ.

ఆ పగటీలే ఆయనను హైదరాబాద్ తీస్కపోతమని బిడ్డ వచ్చింది. స్ట్రెచర్ మీదికి మారుస్తుంటే పుండు కండ్లవడ్డది. లొల్లి చెయ్యలే. "ఫైలు నకలు కావాలె" అన్నది, అంతే.

ఇన్‌చార్జి మేడం తన రూంల కాగితాలన్ని టేబుల్ మీద పరిచింది. ఖాళీ గడులు పిల్లవే.

"అందరు తిప్పిన్రు, నువ్వే తిప్పలే. పుండు నీ వల్లనే అయ్యింది."

నేను తలుపు కాడ నిలవడ్డ. "మేడం, సోమవారం పొద్దుగాల ఎడమకు తిప్పినం, పగటీలి కుడికి. మంగళవారం ఎవ్వరు దగ్గరికే రాలే. బుధవారం..." అని దినం దినం చెప్పిన. మేడం అంత విన్నది. నేను చెప్పేది నిజమని ఆమెకు ఎరుకే.

"నీ యాది ఎక్కడ చెల్లదు ఆయమ్మా" అన్నది. పెన్ను పిల్ల ముందట పెట్టింది. "నకలు తీసేలోపు నింపు. లేకుంటే తప్పు నీదని రాసి పంపుత. ఇంకే దవాఖానల నిన్ను తీసుకోరు."

పిల్ల పెన్ను ముట్టలే. నా దిక్కు చూసింది. "ఏం చెయ్యాలె పెద్దమ్మా?"

"రాయి బిడ్డా" అన్న.

వాళ్ల బాపు యాదికొచ్చి అట్ల అన్న అని నాకు నేనే చెప్పుకుంట. కాని నా నౌకరి కూడ అదే రూంల ఉండె.

పిల్ల కూసొని రాసింది. ఎడమ, కుడి, ఎల్లెలకల. ఒక్క గడి తప్పలే. నకలు చేతికి రాంగనే రైతు బిడ్డ నిలవడే చదివింది. "మా బాపును ఇన్ని సార్లు తిప్పిన్రా" అన్నది. "మీరు చేసేది మీరు చేసిన్రు సిస్టర్, మా నసీబే మంచిగ లేదు." అనుకుంట ఆ పిల్లకు చేతులు జోడిచ్చింది.

ఇప్పుడు ఆ పిల్లనే ఆ వార్డుల సీనియర్. కాలేజీ పిల్లలు తెల్లకోట్లు ఏసుకొని వస్తరు, పేషెంటును ముట్టరు, కాగితం చూసి తమ బుక్కులకు ఎక్కిచ్చుకుంటరు. నేను పని మానేసే ముందు, ఒక పిల్ల అడిగింది: "మేడం, ఇంక పన్నెండు కాలే కద, పన్నెండు గంటల గడి ఎట్ల నిండింది?"

"ముందుగాల కాగితం నేర్చుకో. పేషెంటు తర్వాత" అన్నది మా పిల్ల.

అట్ల అనుడు ఆమెకు కాలేజీ నేర్పలే, మేడం నేర్పలే. ఆనాడు తలుపు కాడ నిలవడి నేనే నేర్పిన.

ఇగ లేవండ్రి, పొద్దువోయింది. మీ ఇంటిల్లిపాది సల్లగుండాలె. మీ ఇంట్ల ఎవ్వరు ఆ మంచం ఎక్కొద్దు. ఎక్కాల్సొస్తే, పైపు పట్టేటోళ్లు ఒకరు, తిప్పేటోళ్లు ఇద్దరు, యాళ్లకు మీకు దొరకాలె.