కాటాలాయన క్యాంపులు

కాటాలాయన క్యాంపుకి బయలుదేరుతున్నాడంటే ఇంట్లో ఎవరో పోయినట్టు ఉండేది. భార్య గుడ్ల నీళ్ళు కుక్కుకుంటూ బట్టలు సర్దేది. కూతురు చప్పుడు చెయ్యకుండా చెప్పులు తెచ్చి గుమ్మంలో పెట్టేది. ఆయన నడుం పట్టుకుని, బరువైన సంచీ భుజానికెత్తుకుని, "తప్పుతుందా మరి" అని నిట్టూర్చి మెట్లు దిగేవాడు. వీధి మలుపు తిరిగాక చూడాలి ఆ మనిషిని! సంచీ బరువు ఎటు పోయేదో, పెళ్ళికి పోతున్నవాడిలా నడిచేవాడు.

ఆయన పని కొట్లలో, మిల్లుల్లో, గిడ్డంగుల్లో తూకపు కాటాలు బాగుచెయ్యడం. సంచీలో స్క్రూడ్రైవర్లు, ఇత్తడి తూకపురాళ్ళు, సీలు వేసే పట్టకారు ఉండేవి. నెలలో సగం రోజులు కంపెనీ ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోవాలి. అది కష్టమని లోకం అనుకుంటుంది. లోకానికేం తెలుసు! బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే చాలు, ఎవరి పొలంలో ఏం వేశారో, ఎవరి మేడ ఎన్ని అంతస్తులు లేచిందో చూస్తూ కూర్చునేవాడు. రెండు రోజుల పని ఒకటిన్నర రోజులో ముగించి, ఆఫీసుకి మాత్రం రెండు రోజులని చెప్పేవాడు. మిగిలిన పూట ఆయనది. ఏటి వంతెన మీద నిలబడేవాడు. తననెవరూ ఎరగని వీధుల్లో చేతులు వెనక్కి కట్టుకుని తిరిగేవాడు. లాడ్జిలో మంచమంతా తనదే చేసుకుని పేపరు మొదటి అక్షరం నుంచి చివరి ప్రకటన దాకా చదివేవాడు. "నాన్నా" అనేవాళ్ళు లేరు, "ఏవండీ" అనేవాళ్ళు లేరు. అంత సుఖం ఆయనకి ఇంకెక్కడా దొరకలేదు.

మరి ఏడుపుమొహం ఎందుకు పెట్టేవాడంటే, దానికో కారణం ఉంది. కూతురు పుట్టిన ఏడాది, మొదటి క్యాంపు నుంచి ఈల వేసుకుంటూ వచ్చాడు. పడవ ఎక్కానని, కొండ ఎక్కానని గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. ఆ మూడు రోజులూ జ్వరం పిల్లని భుజాన వేసుకుని తిరిగిన భార్య అంతా విని, "బాగుంది" అని లోపలికి పోయింది. వారం రోజులు మాట్లాడలేదు. తర్వాతి క్యాంపు నుంచి వస్తూనే ఆయన గుమ్మంలో కూలబడి, "నల్లులు... నడుం విరిగిపోయింది" అన్నాడు. వేణ్ణీళ్ళు వచ్చాయి. భార్య కాళ్ళు పట్టింది. ఆయన నిద్రపోతుంటే ఇంట్లో ఎవరూ గొంతు పైకెత్తలేదు. ఇంకేం కావాలి? అప్పట్నుంచి ఇరవై రెండేళ్ళు మూలిగాడు. సిగ్గులేని మనిషి అనండి, నేను కాదనను. అంత బాగా మూలిగేవాడు మాత్రం ఇంకొకడు దొరకడు.

ఆ మూలగడమే చివరికి ఆయన కొంప ముంచింది. ఓ సోమవారం క్యాంపు నుంచి తిన్నగా ఆఫీసుకి వస్తే, మేనేజరు కుర్చీ చూపించాడు.

"కూర్చోవయ్యా. ఇన్నేళ్ళూ ఒక్క మాట చెప్పలేదేం? మొన్న మీ ఆవిడ వచ్చి నా ముందు ఏడ్చేసిందయ్యా. 'ఆయన నోరు తెరిచి అడగరు, మీరే ఏదైనా దారి చూపించండి' అంది. ఇక నీకు క్యాంపుల్లేవు. ఈ బల్ల దగ్గర కూర్చుని ఫోన్లో వచ్చే ఫిర్యాదులు రాసుకో."

"అబ్బే, నాకేం కష్టం లేదు సార్!"

"చూశావా, ఇప్పుడు కూడా అదే మాట" అని మేనేజరు జాలిగా నవ్వాడు. "నువ్వు చెబితే నేను వినను. కావాలంటే మీ ఆవిణ్ణే వచ్చి చెప్పమను."

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి భార్య నవ్వుతూ గుమ్మంలోకి ఎదురొచ్చింది. "చెప్పారా మీ సారు? మీకు చెప్పకుండా వెళ్ళానని కోపమా?"

ఆ నవ్వు చూసి ఆయనకి ఒళ్ళు మండిపోయింది. "ఎవరు వెళ్ళమన్నారు నిన్ను? నోటి దగ్గర కూడు లాగేశావు!"

"మీ బాధ చూడలేకేగా."

"బాధేంటి బాధ! నాకే బాధా లేదు. అక్కడే నాకు హాయిగా ఉండేది!"

అనేశాడు. అన్నాక నాలిక కరుచుకున్నా లాభం లేకపోయింది.

"ఎప్పట్నుంచి?" అని అడిగింది ఆవిడ.

"మొదట్నుంచీ" అన్నాడు, ఇక దాచేదేముందని. "పొద్దున్నే వెళ్ళి, పొరపాటైందని చెప్పిరా. నీకు దణ్ణం పెడతాను."

ఆవిడ గోడకి ఆనుకుని కింద కూర్చుంది.

"అమ్మాయి మూడో తరగతిలో ఉన్నప్పుడు బట్టల మిల్లువాళ్ళు నన్ను ఉద్యోగానికి రమ్మని కాగితం పంపారు. గుర్తుందా?"

ఆయనకి గుర్తులేదు.

"బట్టలో నేత లోపాలు పట్టుకునే పని. నెలకి నాలుగు రోజులు వేరే ఊళ్ళలో మిల్లులకి వెళ్ళాలి. మా అమ్మ పిల్లని చూసుకుంటానంది. మీరేమన్నారో తెలుసా? 'ఆ నరకం నేను పడుతున్నది చాలదా, నీ వల్ల కాదే పిచ్చిదానా' అని నా తల నిమిరారు. నా మీద ఎంత ప్రేమో అనుకున్నాను. ఆ కాగితం నా చేతులతో నేనే చింపేశాను."

చేసింది పాపమని ఆయనకీ తెలిసింది. అయినా ఆశ చావలేదు, చూడండి, "రేపు చెబుతావుగా?" అని మళ్ళీ అడిగాడు.

"చెప్పను" అంది ఆవిడ. కోపంగా కూడా అనలేదు. "ఆ కాగితం చింపి పద్నాలుగేళ్ళైంది. మీకింకా ఎనిమిదేళ్ళే సర్వీసు ఉంది. ఆఫీసులోనే కూర్చోండి."